ఒంటిగంట దాకా ఆగే టిఫిన్



పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ చేస్తే మళ్లీ ఎన్నింటికి ఆకలవుతోంది? బరువు తగ్గాలనుకుంటున్నామని ఎవరైనా చెబితే నేను ముందుగా అడిగేది ఈ ప్రశ్నే. ఏం తిన్నారు, ఎన్ని తిన్నారు అన్నవి ఆ తర్వాత. ఒంటిగంట దాకా అన్నం గుర్తుకు రాలేదంటే ఆ టిఫిన్ తన పని తాను చేసినట్టు. పదకొండు కాకముందే కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయంటే, అది ఎంత తక్కువ క్యాలరీల టిఫిన్ అయినా మీకు పనికిరాలేదనే అర్థం. ఆ వేళప్పుడు మన చుట్టూ దొరికేవేమిటో చూడండి. సమోసా, కర్రీ పఫ్, బిస్కెట్లు, చక్కెర దండిగా వేసిన చాయ్. పొద్దున మిగుల్చుకున్నామనుకున్నదంతా పది నిమిషాల్లో వడ్డీతో సహా తిరిగొచ్చేస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఉండేవాళ్లకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. మన ప్రాంతం వాళ్లలో చాలామంది పనిచేసేది నగరానికి అవతలి కొసన. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక ప్రయాణం సుఖపడిన మాట నిజమే. అయినా ఎల్బీనగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగి ఆఫీసు చేరేసరికి గంటకు పైగానే పడుతుంది. ఏడున్నరకల్లా ఇల్లు కదలాలి. ఆ తొందరలో కొందరు రెండు ఇడ్లీలు నోట్లో వేసుకుని పరుగెడతారు. కొందరు బరువు తగ్గుతామని ఒట్టి టీ తాగి బయల్దేరతారు. ఇక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, గడ్డిఅన్నారం హాస్టళ్లలో ఉంటూ గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, డీఎస్సీకో చదివే పిల్లలున్నారు. వాళ్లకు వంటగది లేదు, రోజంతా కూర్చునే పని, మెస్సులో ఏది పెడితే అదే తిండి. బరువు సంగతి ఈ ఇద్దరికీ పట్టిందే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మహిళల్లో 30 శాతం మంది, పురుషుల్లో 32 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. పల్లెలు, పట్నాలు కలిపిన లెక్క ఇది. పైగా ఆ సర్వే బీఎంఐ 25 నుంచి పైన ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంది. మన దేశస్తుల శరీరతత్వానికి 23 దాటగానే జాగ్రత్తపడాలని మన వైద్యులు చెబుతారు. బీఎంఐ లెక్క తెలియకపోతే దర్జీ టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట దగ్గర కొవ్వు పేరుకుంటున్నట్టే.

అసలు పొద్దున తినడమే మానేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, సూటిగానే జవాబు చెప్పాలి. ఉదయం తినకపోతే బరువు పెరుగుతారని చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా పరిశోధకులు 13 అధ్యయనాలను కలిపి చూసి, దానికి ఆధారం లేదని తేల్చారు. అల్పాహారం తిన్నవాళ్లే రోజు మొత్తంమీద సుమారు 260 క్యాలరీలు ఎక్కువ తిన్నారట. కాబట్టి పొద్దున ఆకలి లేనివాళ్లు బలవంతంగా తినాల్సిన అవసరం లేదు. ఆకలయ్యేవాళ్ల కోసమే ఈ మాటలు. మనలో ఎక్కువమంది వాళ్లే. రాత్రి ఎనిమిదింటికి తిని పొద్దున ఆరింటికి లేచి ఇంటిల్లిపాదికీ బాక్సులు సర్దే ఇల్లాలికి ఆకలి వేయకుండా ఎలా ఉంటుంది? ఆమె తినాలి. కడుపు నిండా తినాలి. ఆ నిండడం దేనితో అన్నదే మాట్లాడుకోవాల్సిన విషయం.

కడుపు నిండటాన్ని కొలిచినవాళ్లున్నారు. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్, ఆమె సహచరులు 38 రకాల ఆహారాలను పరీక్షించారు. ఏ పదార్థమైనా 240 క్యాలరీలకు సరిపడా పెట్టడం, ఆ తర్వాత రెండు గంటల పాటు ప్రతి పావుగంటకూ ‘ఇప్పుడు ఎంత నిండుగా ఉంది’ అని అడగడం. తెల్ల బ్రెడ్డుకు 100 మార్కులనుకుంటే, ఉడికించిన బంగాళదుంపకు 323 వచ్చాయి. ఓట్స్ జావకు 209, గుడ్లకు 150. కార్న్‌ఫ్లేక్స్‌కు 118 మాత్రమే. వెన్నతో పొరలు పొరలుగా చేసే క్రోసాంకు అన్నిటికంటే తక్కువ, 47. క్యాలరీలు అన్నిటిలోనూ సమానమే. నింపడంలో మాత్రం ఇంత తేడా. ప్రొటీన్, పీచు, నీరు ఎక్కువున్నవి బాగా నింపాయి. కొవ్వు ఎక్కువున్నవి నింపలేదు.

ఆ జాబితాలో మన టిఫిన్లు లేవు. కానీ ఆ సూత్రాన్ని మన ప్లేటుకు పట్టించి చూడటం కష్టమేమీ కాదు. మైసూర్ బోండాలో ఉన్నది మైదా, నూనె. పప్పు లేదు, పీచు లేదు. పూరీదీ అదే దారి. తినేటప్పుడు బరువుగా అనిపిస్తుంది, ఆ బరువును ఆకలి తీరడమని పొరబడతాం. ఉప్మా రవ్వ, నూనె, నాలుగు పోపు గింజలుగా మిగిలితే అదీ అంతే. ఇడ్లీ నయం. ఆవిరి మీద ఉడుకుతుంది, నీరు పట్టి ఉంటుంది, మినప్పప్పు ఉంటుంది. కానీ ఒక ఇడ్లీలో ప్రొటీన్ రెండు గ్రాములకు మించదు. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. అందులో పొద్దున పూట 15 గ్రాములైనా అందాలంటే ఒట్టి ఇడ్లీలతో కుదిరే పని కాదు.

ఈ జాతీయ పోషకాహార సంస్థ మనకు పొరుగునే, తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మన దేశంలో ఏ గింజలో ఏముందో చెప్పే పట్టికలు వీళ్లవే. 2024లో వీళ్లు ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఒక లెక్క నన్ను బాగా ఆలోచింపజేసింది. భారతీయుల భోజనంలో క్యాలరీల్లో 50 నుంచి 70 శాతం దాకా బియ్యం, గోధుమల వంటి ధాన్యాల నుంచే వస్తున్నాయి. 45 శాతం దాటకూడదు. పప్పులు, గుడ్లు, మాంసం, చేపలు అన్నీ కలిపి 14 శాతం ఉండాల్సిన చోట 6 నుంచి 9 శాతం దగ్గరే ఆగిపోతున్నాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. మన టిఫిన్‌లో పప్పు వాటా పెరగాలి, బియ్యం రవ్వ, నూనెల వాటా తగ్గాలి. టిఫిన్ పేరు మార్చక్కర్లేదు, వాటాలు మారిస్తే చాలు.

అలా చూస్తే మనకు అన్నిటికంటే దగ్గరలో ఉన్నది పెసరట్టు. పొట్టు తీయని పెసలు 100 గ్రాముల్లో 22 గ్రాములకు పైగా ప్రొటీన్, 17 గ్రాముల పీచు ఉన్నాయి. అదే బియ్యంలో ప్రొటీన్ 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. ఒక టీ గ్లాసుడు పెసలు రాత్రి నానబోస్తే పొద్దున ఇద్దరికి రెండేసి అట్లు వస్తాయి. మనిషికి సుమారు 13 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల పీచు. పులియబెట్టే పని లేదు. పొట్టు కడిగేయకండి, పీచు ఎక్కువగా ఉన్నది దానిలోనే. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి మరీ మెత్తగా కాకుండా కొంచెం పలుకుగా రుబ్బుకోవాలి. కరకరలాడాలని గుప్పెడు బియ్యం కలుపుతారు, అది మానేయవచ్చు. పెనం బాగా కాలాక సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, పావు చెంచా నూనెలో అద్ది పెనమంతా రుద్దండి. మన అమ్మమ్మలు చేసిన పనే ఇది. ఆ రుద్దుడుకు అంటుకునే నూనె అట్టు లేవడానికి చాలు. పిండిని గరిటె అడుగుతో పల్చగా తిప్పి, పైన సన్నగా తరిగిన ఉల్లి, కొత్తిమీర, తురిమిన క్యారెట్ చల్లి అదిమి, మూత పెట్టండి. అంచులు వాటంతటవే లేస్తాయి. రెండో వైపు తిప్పాల్సిన పని లేదు.

పక్కన అల్లం పచ్చడి ఉంటే రుచే, కానీ అందులో బెల్లం ఎంత పడుతుందో చేసేవాళ్లకు తెలుసు. టమాటా పచ్చడి నయం. లోపల ఉప్మా పెట్టి తినే పద్ధతి పండగ రోజుకు ఉంచుకోండి. రెండు పెసరట్లు, ఒక గిన్నెడు పెరుగు. ఇది తిన్న మనిషి మధ్యాహ్నం దాకా నిలబడతాడని నేను ధైర్యంగా చెప్పగలను.

ఇడ్లీ వదులుకోలేనివాళ్లకు ఒక చిన్న మార్పు. మన ఇళ్లలో మినప్పప్పు ఒక వంతుకు ఇడ్లీ రవ్వ రెండు వంతులు పోస్తాం. రెండున్నర, మూడు పోసే ఇళ్లూ ఉన్నాయి. దాన్ని ఒకటికి ఒకటిన్నరకు తెండి. ఆ ఒకటిన్నరలోనూ సగం జొన్న రవ్వ కలిపినా పిండి బాగానే పొంగుతుంది. కాస్త గోధుమ వన్నె వస్తుంది, అంతే. ఇడ్లీ మూడు చాలు. వాటికంటే ముందు ఒక గిన్నెడు సాంబారు, కందిపప్పు చిక్కగా ఉన్నది, మునక్కాడ, సొరకాయ ముక్కలతో సహా తినండి. చట్నీ దగ్గర మాత్రం చెయ్యి చూసుకోవాలి. పల్లీ మంచిదే, ప్రొటీన్ ఉన్నదే, కానీ గుప్పెడు పల్లీలు 30 గ్రాములనుకుంటే 150 క్యాలరీలు. అంటే ఇంచుమించు మూడు ఇడ్లీలు. మూడు ఇడ్లీలకు రెండు గిన్నెల పల్లీ చట్నీ నంజుకునేవాళ్లు ఇడ్లీలు తగ్గించి ప్రయోజనం లేదు. ఉప్మా విషయంలో ఒకటే మాట. రవ్వ ఎంతో కూరముక్కలు అంత, వీలైతే బొంబాయి రవ్వ బదులు గోధుమ రవ్వ, పక్కన ఒక గుడ్డో పెరుగో.

గుడ్డు అన్నాను కాబట్టి ఆ లెక్కా చెబుతాను. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 75 క్యాలరీల దాకా ఉంటాయి. 2005లో అమెరికాలో అధిక బరువున్న 30 మంది మహిళలతో ఒక అధ్యయనం చేశారు. ఒక రోజు గుడ్లతో అల్పాహారం, మరో రోజు అన్నే క్యాలరీలున్న బేగల్ రొట్టె. గుడ్లు తిన్న రోజు వాళ్లకు కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంది, మధ్యాహ్న భోజనం తగ్గింది. ఇంట్లో వండే తీరిక లేనివాళ్లకు ఉడికించిన రెండు గుడ్లను మించిన ఉపాయం లేదు. ఆమ్లెట్ కంటే ఉడికించినదే మేలు. నూనె అక్కర్లేదు, డబ్బాలో వేసుకుని ఆఫీసుకు పట్టుకుపోవచ్చు.

నూనె గురించి ఒక్క క్షణం ఆగాలి. ఒక గ్రాము నూనె అంటే 9 క్యాలరీలు. చిన్న చెంచాడు 45. టిఫిన్ బండి దగ్గర నిలబడి గమనించండి. పెనం మీద నీళ్లు చల్లి, చీపురు కట్టతో తుడిచి, పిండి తిప్పి, మూతకు చిల్లు పెట్టిన ప్లాస్టిక్ సీసా తీసుకుని అట్టు చుట్టూ ఒక చుట్టు, మధ్యలో మరో చుట్టు పిండుతారు. ఆ సీసాకు కొలత లేదు. మూడు చెంచాలు పడ్డా కనపడదు. ఆ తర్వాత వెన్న ముక్క, కారప్పొడి. నెయ్యి కారం ఇడ్లీ కూడా అంతే. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీకి ఉన్న మేలంతా పెనం మీదికి ఎక్కాక నేతిలో కలిసిపోతుంది. 

అలాగని బండి వద్దనడం నాకు ఇష్టం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బి ఆరింటికల్లా వేడివేడిగా వడ్డించే ఆ దంపతుల కష్టం మీద ఈ ప్రాంతంలో ఎన్ని వేల మంది పొద్దు గడుస్తోందో నాకు తెలుసు. అక్కడ తినేవాళ్లు నోరు తెరిచి అడగాలి. ‘అన్నా, నా అట్టుకు నూనె తక్కువ వెయ్యి.’ ‘అక్కా, చట్నీ ఒక్కటే గరిటె, సాంబారు ఇంకొంచెం పొయ్యి.’ అడిగితే కాదనేవాళ్లు నాకు తారసపడలేదు. రోజూ వచ్చే గిరాకీ అయితే నాలుగో రోజు నుంచి అడగకుండానే వేస్తారు. అన్ని బండ్ల మీదా ఇడ్లీ ఉంటుంది, చాలా బండ్ల మీద పెసరట్టూ ఉంటుంది. ఎంపిక అక్కడే ఉంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి దగ్గరికి వస్తాను. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల్లో ఉంటున్నవాళ్లలో ఎంతోమంది విజయవాడ హైవే మీదుగా, సాగర్ రోడ్డు మీదుగా వచ్చి స్థిరపడినవాళ్లు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ వైపు మూలాలున్నవాళ్లు. వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, చిన్నప్పుడు పొద్దున ఏం తిన్నారని. జొన్న గటక, మజ్జిగ. జొన్న రొట్టె, పప్పు. సద్ది. గుడాలు. టిఫిన్ అనేది పండగనాడో, పట్నం వచ్చినప్పుడో తినేది. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లొచ్చి వరి పెరిగింది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి పేదింటి పొయ్యి మీద కూడా అన్నం ఉడికింది. అది గొప్ప మేలు, ఆకలి ఎరిగినవాళ్లెవరూ దాన్ని తక్కువ చేయరు. కానీ ఆ క్రమంలో జొన్న పక్కకు తప్పుకుంది. జొన్నల్లో పీచు 100 గ్రాములకు 10 గ్రాములు, తెల్లబియ్యానికి మూడింతలకు పైగా. పొలం పనికి పోయే మనిషిని ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబెట్టిన గింజ అది.

ఆ గింజ ఇప్పుడు రోడ్డు పక్కకు తిరిగి వచ్చింది. సాయంత్రమైతే చాలు, మన వైపు ఎన్ని చోట్ల జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతున్నాయో చూస్తున్నారు కదా. సలసల కాగే నీళ్లు పిండిలో పోసి, చెయ్యి కాలుతున్నా లెక్కచేయకుండా పిసికి, పీట మీద అరచేత్తో తట్టుతూ తిప్పుతూ, పెనం మీద వేసి పైన తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. నూనె చుక్క పడదు. ఒక వైపు కాలాక తిప్పితే రొట్టె పొంగుతుంది. కొనేవాళ్లంతా రాత్రి భోజనం కోసం కొంటున్నారు. నేను చెప్పేదేమంటే, మరో రెండు ఎక్కువ తీసుకోండి. బట్టలో చుట్టి పెడితే పొద్దున గట్టిపడతాయి, అయినా బాగుంటాయి. తుంచి చిక్కటి మజ్జిగలో నానేసి పచ్చి ఉల్లిపాయతో తినవచ్చు. రాత్రి మిగిలిన పాలకూర పప్పు ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసుకుంటే ఇంకా మంచిది. ఒకటిన్నర రొట్టె, ఒక గిన్నెడు ఆకుకూర పప్పు. నమలాలి, తొందరగా మింగలేం. బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఆ నమలడం కూడా మేలే. పొద్దున పొయ్యి వెలిగించే తీరిక లేని ఇంటికి ఇంతకంటే ఏం కావాలి?

పార్కుల దగ్గర, నడక మైదానాల దగ్గర పొద్దున్నే రాగి జావ, అంబలి అమ్మేవాళ్లు ఉంటున్నారు. కొత్తపేట విక్టోరియా మెమోరియల్ మైదానంలో నడిచి వచ్చి గ్లాసుడు జావ తాగి, టిఫిన్ అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. రాగులు మంచివే. 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, ధాన్యాల్లో దానికి సాటి లేదు. కానీ గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి. తాగేది తొందరగా దిగిపోతుంది. బెల్లం వేస్తే తీపి, మజ్జిగ వేస్తే పలుచన. జావ తాగండి, దానితో పాటు ఏదైనా నమిలేది ఉంచుకోండి, గుప్పెడు ఉడికించిన శనగలో, ఒక గుడ్డో. ఒట్టి జావతో పదకొండు దాటడం కష్టం. ఓట్స్ తినేవాళ్లు మసాలా పొట్లాలు కాకుండా సాదా ఓట్స్ కొని, కూరముక్కలతో ఉప్మాలా చేసుకుంటే సరిపోతుంది. దుకాణాల్లో బరువు తగ్గేవాళ్ల బొమ్మలతో అమ్మే తీపి గింజల డబ్బాల మీద డబ్బు తగలేయకండి. సరూర్‌నగర్ రైతుబజారులో అంతకంటే చవకగా, అంతకంటే మంచివి దొరుకుతాయి.

పండ్ల గురించి కూడా చెప్పాలి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయి, ఆ స్థలాన్ని పెద్దాసుపత్రికి ఇచ్చినా, కొత్తపేట రోడ్ల మీద పండ్ల బండ్లు ఎక్కడికీ పోలేదు. జామకాయ కొనుక్కోండి. ఒక మోస్తరు జామలో ఐదు గ్రాములకు తగ్గకుండా పీచు ఉంటుంది, క్యాలరీలు చాలా తక్కువ. కొరికి తినాలి. జ్యూస్ సెంటర్లో ఇచ్చే గ్లాసులో పీచు పోయి చక్కెర చేరుతుంది.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉండి పప్పులు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు, గర్భిణులు, ఈ మార్పులు సొంతంగా మొదలుపెట్టవద్దు. ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. టిఫిన్ మారితే మందు మోతాదు కూడా మారాల్సి రావచ్చు.

చివరగా హాస్టల్ పిల్లల దగ్గరికి వస్తాను. నాయనా, అమ్మా, మీకు పొయ్యి లేదు, మిక్సీ లేదు, ఒక బకెట్టు, ఒక మంచం, పుస్తకాలు ఉన్నాయి. అయినా చేసుకోగలిగినవి ఉన్నాయి. వేయించిన శనగలు పావుకిలో కొని డబ్బాలో పెట్టుకోండి. అటుకులు తడిపి, కప్పు పెరుగు కలిపి, పైన గుప్పెడు శనగలు చల్లుకుంటే ఐదు నిమిషాల పని. మెస్సులో పూరీ పెట్టిన రోజు రెండుతో ఆపి, కిందికి దిగి రెండు ఉడికించిన గుడ్లు కొనుక్కోండి. రోడ్డు మీద అమ్మే పచ్చి మొలకలు ఎండాకాలంలో జాగ్రత్త. తడిగా వెచ్చగా ఉన్న చోట సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. ఉడికించినవైతే భయం లేదు. పరీక్షల ముందు నాలుగు నెలల్లో పెరిగే బరువులో సగం టీ చక్కెర నుంచి వస్తుందేమోనని నా అనుమానం. రోజుకు ఐదు టీలు తాగేవాళ్లు చెంచాలు లెక్కపెట్టుకోండి.

హాస్టళ్లు నడిపే పెద్దలు ఎవరైనా ఇప్పుడు వింటుంటే, మీకు ఒక మనవి. వారంలో రెండు రోజులు బోండా, పూరీల స్థానంలో శనగ గుడాలు పెట్టండి. శ్రావణమాసంలో వాయనాలు అందుకున్న ఇళ్లలో నానిన శనగలతో ఏం చేస్తారో మీ వంటమనిషికి చెప్పక్కర్లేదు. శనగల్లో 100 గ్రాములకు పీచే 25 గ్రాములుంది, ప్రొటీన్ 18 గ్రాములకు పైగా. 50 గ్రాముల ఎండు శనగలు నానబెడితే ఒక పిల్లవాడికి నిండు గిన్నె అవుతుంది. రాత్రి నీళ్లలో పోసి పడుకుంటే, పొద్దున కుక్కర్లో ఉప్పు వేసి ఉడకబెట్టి, పెద్ద మూకుట్లో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో తిప్పితే చాలు. సలసల కాగే నూనె ముందు తెల్లవారుజామున గంటలకొద్దీ నిలబడే బాధ ఆ మనిషికి తప్పుతుంది. మిగిలిన నూనె డబ్బుతో తలా ఒక గుడ్డు పెట్టవచ్చు. గుడ్డు తినని పిల్లలకు ఒక గిన్నెడు పెరుగు. మొదటి వారం పిల్లలు ముఖం చిట్లిస్తారు, అదీ నిజమే. సన్నగా తరిగిన ఉల్లిపాయ, మామిడికాయ తురుము, నిమ్మచెక్కలు, కొత్తిమీర వేర్వేరు గిన్నెల్లో పక్కన పెట్టి, ఎవరికి కావలసినట్టు వాళ్లను కలుపుకోనివ్వండి. రెండో వారానికి ఎన్ని కిలోలు నానబోయాలో వాళ్లే చెబుతారు.